పతకం అంచు చదివే విద్య

తాతల నాటి సైనిక పతకం కాలాన్ని తేల్చడం ఓర్పు కోరే విద్య. నేర్పరి ముందుగా అంచునే చూస్తాడు, ఎందుకంటే రెండవ ప్రపంచ యుద్ధంలో భారత సైనికులకు దక్కిన పతకాల అంచున సంఖ్య, హోదా, పేరు, దళం ముద్రించి ఉంటాయి. బ్రిటిష్ సైనికులకిచ్చినవి చాలావరకు ఖాళీ. ఆరవ జార్జి తల చుట్టూ ఉన్న లాటిన్ రాతలో ‘ఇండియే ఇంప్’, అనగా భారత చక్రవర్తి అనే బిరుదు, కనిపిస్తే అది సామ్రాజ్య కాలపుది. 1947 నాటి భారత స్వాతంత్ర్య పతకంపై ఆ బిరుదు లేదు, రాజు తలకు బదులు కిరీటం కింద అశోకచక్రం ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాల్లో ఒకదాన్ని సైనికులకు వెండిలోనూ, కూలి దళాలకు కంచులోనూ ఇచ్చారు. వివక్షకు గుర్తైన ఆ కంచే నేడు అరుదు. ఇంట్లో పతకం ఉన్నవారు మెరుగు పెట్టి ఆ అక్షరాలను అరగదీయరాదు.