విన్నవాళ్లే చెప్పాలి

లక్షెట్టిపేటకు దగ్గర్లోని ఒక పల్లెలో గృహ ప్రార్థనకు వెళ్లాను. పొద్దంతా పత్తి ఏరి వచ్చిన ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. వాక్యం చెప్పవలసిన సువార్తికుడు బైబిలు మూసే ఉంచి, తప్పిపోయిన గొర్రె ఉపమానాన్ని ఐదు నిమిషాల్లో నోటితోనే చెప్పాడు. చెప్పి, ముందు కూర్చున్న పెద్దావిడ వైపు తిరిగి "అవ్వా, ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "నాకేమొస్తదయ్యా" అంది. ఎవరూ తొందరపెట్టలేదు. కాసేపటికి తనే మొదలుపెట్టింది. కాపరి గొర్రెను భుజాన వేసుకొచ్చిన సంగతి మరిచిపోతే పక్కనున్న కోడలు అందించింది. కథ ముగిసేసరికి వెనక నుంచి గొర్లు కాసే ఇంటి కుర్రాడు, "మరి తక్కిన తొంభై తొమ్మిదిటిని ఎవలకు అప్పజెప్పి పోయిండు?" అని అడిగాడు. దాని మీదే అరగంట మాట్లాడుకున్నారు. మంద కాసే ఇళ్లవాళ్లకు అది ఉత్త ప్రశ్న కాదు మరి.

శిష్యత్వ శిక్షణ అనగానే చాలామంది మనసులో మెదిలేది కాలేజీ, హాస్టలు, పట్టా. ఉత్తర తెలంగాణ పల్లె సంఘాలను నిలబెట్టిన శిక్షణ మాత్రం ఎక్కువగా ఇలాంటి చాపల మీదే జరిగింది. విన్నవాళ్లు వెంటనే ఇంకొకరికి చెప్పాలి, దాని కిటుకంతా అదే. చెప్పబోతే గాని తనకు ఎంత అర్థమైందో మనిషికి తెలియదు. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో ఈ వరస కనిపిస్తుంది: పౌలు తిమోతికి నేర్పాడు, తిమోతి నమ్మకమైనవాళ్లకు నేర్పాలి, వాళ్లు మరికొందరికి నేర్పాలి. ఒక్క మాటలో నాలుగు తరాలు.

నిజాం రాజ్యంలో ఈ పద్ధతి అవసరం కొద్దీ వచ్చింది. 19వ శతాబ్దం చివర్లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు హైదరాబాద్ నుంచి మెదక్, కరీంనగర్ వైపు వచ్చినప్పుడు వారి సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేటంత. ఊళ్లు వందలు. మెదక్‌లో పనిచేసిన చార్లెస్ వాకర్ పాస్నెట్ పేరు చెప్పగానే అందరికీ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మహా దేవాలయం గుర్తొస్తుంది. రాతి కట్టడం కాబట్టి కంటికి కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో దీపం పెట్టుకుని పాఠం చెప్పిన దేశీయ సువార్తికుల పని కంటికి ఆనదు. నా దృష్టిలో మాత్రం ఆ గోపురం కంటే వాళ్లే ఎత్తు.

ఈ పని మర్మం బాగా ఎరిగినవాడు పొరుగునే ఉన్న దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. మిషనరీగా తెలుగు నేలకు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. సరిగ్గా ఆ ఏడాదే ఇంగ్లండులో రోలండ్ అలెన్ మిషనరీ పద్ధతుల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. పౌలు కొద్దికాలం నేర్పి, స్థానికులను నమ్మి, సంఘాన్ని వాళ్ల చేతిలో పెట్టి కదిలిపోయాడు, మనమెందుకు నమ్మడం లేదు అన్నది అందులోని వాదం. అక్కడ పుస్తకంలో చర్చించిన సంగతిని ఇక్కడ అజరయ్య చదువు రాని మాల మాదిగ వాడల్లో చేసి చూపించాడు.

ఆయన పద్ధతిలో ఒకటి చెప్పి తీరాలి. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ చెయ్యి తమ తల మీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న అర్థం వచ్చేలా పౌలు మాటను పలికించేవాడు. నీళ్లింకా ఆరని తల మీద ఆ చెయ్యి. సంఘంలో చేరిన రోజే ఆ మనిషికి పని అప్పజెప్పినట్టు. ఏడాదికోసారి జరిగే సాక్ష్యపు వారంలో పాలేర్లు, కూలీలు కూడా పని తీరిక చూసుకుని పక్క ఊళ్లకు వెళ్లి తమ బతుకులో వచ్చిన మార్పు చెప్పేవారు. వాళ్లకు పుస్తక జ్ఞానం లేదు. తాగుడు మానిన సంగతి, పిల్లను బడికి పంపిన సంగతి ఉంది. ఊరివాళ్లు వినేది కూడా దాన్నే.

చదువు లేనివాళ్లకు నేర్పడమంటే తక్కువ నేర్పడం కాదు. పది ఆజ్ఞలు, ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణం కంఠస్థం చేయించేవారు. సువార్త కథలు వరసగా నోటికి రావాలి. కీర్తనలు మన రాగాల్లో, మన తాళాల్లో ఉండటం వల్ల సిద్ధాంతం పాటలో పడి ఇంటికి వెళ్లేది. పురుషోత్తమ చౌదరి వంటి కవుల కీర్తనలు పాడుతూ నాట్లు వేసినవాళ్లకు ఏ నాట్లలో ఏ బోధ అబ్బిందో ఎవరు చెప్పగలరు! ఒగ్గు కథకు అలవాటుపడిన నేల ఇది. ఒకరు కథ నడుపుతుంటే ఒకరు వంత అందుకోవాలని ఇక్కడివాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. నేను చూసిన ఆ పల్లెలో కోడలు అత్తకు మాట అందించిన తీరు అచ్చం అదే.

గ్రామ ఉపాధ్యాయుణ్ణి దోర్నకల్‌లో భార్యతో సహా శిక్షణకు పిలిచేవారు. ఇది నాకు ఎంతో ముందుచూపుగా తోస్తుంది. మగాడు ఎంత నేర్చినా వంటింట్లోకి, బాలింత పక్కకు వెళ్లి మాట్లాడలేడు. ఆమె వెళ్లగలదు. పగలు పిల్లలకు బడి, రాత్రి పెద్దలకు ప్రార్థన, ఆదివారం ఆరాధన, మధ్యలో కాగితం రాసిపెట్టడం, తగువు తీర్చడం అన్నీ ఆ జంట మీదే పడేవి. 1935 నాటికి ఆ డయోసిస్‌లో ఇలాంటి గ్రామ ఉపాధ్యాయులు 2,000కు పైగా ఉన్నారు.

ఇవ్వడం నేర్పడం కూడా శిక్షణలో భాగమే. పిడికెడు బియ్యం సంగతి తెలుగు సంఘాలవాళ్లకు చెప్పనక్కరలేదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. వారం తిరిగేసరికి ఆ కుండ గుడికి వస్తుంది. దానం పుచ్చుకునే చోట నిలబెట్టిన మనుషులను ఇచ్చే చోటికి తెచ్చిన కుండ అది. తమ బియ్యంతో నడిచే సంఘంలో తమ మాట చెల్లాలని అడిగే ధైర్యం అక్కడే మొదలైంది. సంఘ పెద్దలు అలా తయారయ్యారు.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి ఆంగ్లికన్లు, మెథడిస్టులు ఒక్కటయ్యారు. 1978లో కరీంనగర్ డయోసిస్ వచ్చింది. అంతకు ముందే, 1964లో, రాజమండ్రిలో పలు సంఘాల వేదాంత విద్యను ఒక్కచోటికి తెచ్చి ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీని పెట్టారు. తర్వాత అది హైదరాబాద్‌కు చేరింది. ఊరు విడిచి రాలేనివాళ్ల కోసం మరో దారి దొరికింది. 1963లో గ్వాటెమాలాలో ఒక సెమినరీ, విద్యార్థిని కాలేజీకి రప్పించే బదులు పాఠాన్నే అతని ఊరికి పంపడం మొదలుపెట్టింది. 1971లో బెంగళూరు కేంద్రంగా అలాంటి సంస్థే మన దేశంలోనూ పుట్టింది. సింగరేణి గనుల్లో షిఫ్టులు చేసేవాడికి, సిరిసిల్ల మగ్గం మీద బతికేవాడికి ఇంతకంటే తగిన పద్ధతి కనిపించదు.

ఆదిలాబాద్ వైపు కతోలికుల అనుభవమూ ఇదే చెబుతుంది. మహారాష్ట్రలోని చాందా మేత్రాసనం నుంచి విడిపోయి 1999లో మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది. అది కేరళ మూలాలున్న సీరో మలబార్ సంప్రదాయం. మలయాళం మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన గురువుకు, తెలుగు, గోండి, కొలామి, మరాఠీ కలగలిసిన ఊళ్లకు మధ్య మాట కలిపేది స్థానిక ఉపదేశి. ఏ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో గురువు కంటే ముందు అతనికే తెలుస్తుంది.

ఈ శిక్షణ విలువను లెక్కల్లో కొలవడం నాకు ఇష్టం లేదు. దొర ముందు చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని నిలబడ్డ తాత మనవరాలు నలుగురి మధ్య లేచి గ్రంథం చదివి అర్థం చెబుతుంది. 2013 సెప్టెంబరు 30న నంద్యాలలో ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘానికి మొదటి మహిళా బిషప్‌గా అభిషేకం పొందారు. ఆ పీఠం దాకా వేసిన మెట్లలో భర్త పక్కన కూర్చుని పాఠం నేర్చుకున్న పల్లె ఉపాధ్యాయుల భార్యలూ ఉన్నారని నేను నమ్ముతాను.

ఇప్పుడు బాధ కలిగించే మాట. పెద్ద స్పీకర్లు, పెద్ద వేదికలు వచ్చాక చెప్పేవాడు ఒక్కడే అయ్యాడు, తక్కినవాళ్లంతా వినేవాళ్లయ్యారు. నాకు బాగా తెలిసిన ఒక సంఘంలో కాపరి బదిలీ అయ్యాక కొన్ని నెలలపాటు గురువారం కూడిక ఆగిపోయింది. ప్రార్థన నడపడానికి తగినవాళ్లు లేక కాదు. ముప్పై ఏళ్లుగా గుడికి వస్తున్నవాళ్లు పదిమంది ఉన్నారు. వాళ్లను ఎవరూ ఎన్నడూ "నువ్వు చెప్పు" అని అడగలేదు, అంతే.

సంఘ పెద్దలకు, కాపరులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే గురువారం గృహ ప్రార్థనలో ఇంతవరకు నోరు విప్పని ఒక అవ్వకో, ఒక కుర్రాడికో ఐదు నిమిషాలు ఇవ్వండి. తడబడితే తడబడనివ్వండి. పక్కవాళ్లు అందిస్తారు.