ముప్పావు ఎకరం లెక్క

జమ్మికుంట వైపు ఒక ఊరి బడిలో ఐదో తరగతి పిల్లలకు ఇచ్చిన వర్క్‌షీట్ చూసి ఈ కాలమ్ రాసే మనిషికి ఈ వారం ఒళ్లు మండింది. భిన్నాల పాఠం. పైన పిజ్జా బొమ్మ, దానికి ఎనిమిది ముక్కలు. మూడింటికి రంగు వేసి అది ఎంత భాగమో రాయాలి. ఆ ఊళ్లో పిజ్జా తిన్న పిల్లలు ఎందరున్నారో గానీ, గుంటల లెక్క తెలియని ఇల్లు మాత్రం వెతికినా దొరకదు.

ఆయన పాత పాట ఈ పేజీ చదివేవాళ్లకు కంఠతా వచ్చు. ఎకరానికి నలభై గుంటలు. పావు ఎకరం పది, అద్దెకరం ఇరవై, ముప్పావు ముప్పై. ఐదో వంతు ఎనిమిది, ఎనిమిదో వంతు ఐదు. కరీంనగర్ పల్లెల్లో భిన్నాలు చెప్పడానికి ఇంతకు మించిన పనిముట్టు ఏముంటుందని ఆయన ఏడాదికోసారైనా అడుగుతాడు.

ఈసారి దానికి సాక్ష్యం కూడా పట్టుకొచ్చాడు. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతులకు పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు పథకం మొదలైనప్పుడు పంటకు ఎకరానికి 4,000 రూపాయలు. అంటే గుంటకు వంద. చెక్కు చేతికి రాకముందే ఎవరికెంతో అరుగుల మీదే తేలిపోయింది. తర్వాత 5,000 అయితే గుంటకు 125. 2025 జనవరిలో రైతు భరోసా కింద 6,000 అయితే 150. ముప్పై గుంటల ఆసామికి 4,500. బడిలో అయితే 6,000ను నాలుగుతో భాగించి మూడుతో గుణించమంటారు, జవాబు అదే. కాగితం మీద హారం, లవం అంటూ పిల్లలు తడబడే లెక్కను బడి ముఖం చూడని అవ్వలు నోటితో చెప్పేస్తారు.

పాసుపుస్తకం సంగతి మరీ రుచికరం. విస్తీర్ణం గడిలో ఎకరాలు, గుంటల మధ్య ఒక చుక్క పెడతారు. అక్కడ 1.20 అంటే ఎకరం ఇరవై గుంటలు, ఎకరంన్నర. ఆ చుక్క దశాంశం కాదు, 1.39 తర్వాత వచ్చేది 2.00. అప్పుడే దశాంశాలు నేర్చుకున్న ఒక పిల్లను 6,000 చొప్పున 1.20కి ఎంతొస్తుందని అడిగితే గుణించి 7,200 అంది. మంచంలో పడుకున్న బాపమ్మ లేవకుండానే అందుకుంది: “తొమ్మిది వేలు రావాలె బిడ్డా, మిగిలిన పద్దెన్మిది వందలు ఎవడు మింగిండు?”

ఇక పిజ్జాను బడి నుంచి వెళ్లగొట్టడమే మిగిలిందనుకుంటుండగా చింతగింజలు అడ్డొచ్చాయి.

అదే పిల్ల ముందు 16 గింజలు పోసి ముప్పావు తీయమంటే చకచకా 12 తీసింది. 24 పోస్తే మళ్లీ 12 తీసింది. దగ్గర కూర్చుని వేళ్ల కదలిక చూస్తే గుట్టు తెలిసింది. నాలుగు సమాన కుప్పలు చేయడానికి బదులు నాలుగేసి గింజల కుప్పలు పెడుతోంది. వాటిలో మూడు కుప్పలు తన వైపు లాక్కుంటోంది. 16 గింజలైతే ఎలా పేర్చినా నాలుగు కుప్పలే కాబట్టి తప్పు పద్ధతికి కూడా ఒప్పు జవాబే వచ్చింది. 24కు ఆరు కుప్పలయ్యాయి. పక్కన మిగిలిన మూడు కుప్పల సంగతేమిటంటే, “అవి ఎక్కువైనయి సారూ” అంది.

ఈ పిల్ల పిజ్జాకు రంగు సరిగ్గానే వేసింది. ముక్కలు ముందే కోసి ఉన్నాయి కదా, తాను కోయాల్సిన పని లేదు. ఆ మాటకొస్తే ఎకరాన్నీ ఎవరో ముందే నలభై ముక్కలు చేసి పెట్టారు. ఇద్దరు అన్నదమ్ములైనా, నలుగురైనా, ఐదుగురైనా గుంటల్లో సాఫీగా తెగుతుంది. ముగ్గురైతేనే లొల్లి: పదమూడు గుంటలు పోను ఒక గుంట మిగులుతుంది. గుంటకు 121 గజాలు. ఒక్కొక్కరికి నలభై గజాలిచ్చినా ఇంకో గజం మిగులుతుంది. నోటిలెక్కలో ఆరితేరినవాళ్లు కూడా అక్కడ కొలతల టేపు తెమ్మంటారు.

సరిగ్గా తెగే అంకె మీద మోజు కొత్తదేం కాదు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో ఒక పిసినారి లెక్క ఇచ్చాడు. ద్రమ్మంలో సగం, అందులో మూడింట రెండు వంతులు, అందులో ముప్పావు, అందులో ఐదో వంతు, అందులో పదహారో వంతు, అందులో పావు బిచ్చగాడికి వేశాడట. ద్రమ్మానికి పదహారు పణాలు, పణానికి నాలుగు కాకిణులు, కాకిణికి ఇరవై గవ్వలు, మొత్తం 1,280. బిచ్చగాడికి దక్కింది ఒకే ఒక్క గవ్వ. అంత పెద్దాయన కూడా జవాబు చిల్లర లేకుండా తేలేలా అంకెలు ఎంచుకున్నాడు.

కాబట్టి పిజ్జాను తీసి గుంటను పెట్టమన్న పాత డిమాండును ఈ కాలమ్ ఈ వారానికి వెనక్కి తీసుకుంటోంది. బొమ్మ ఏదైనా ఉండనీయండి. టీచర్లు 16తో మొదలుపెట్టకుండా 20, 24, 36 గింజలు పోసి కుప్పలు పిల్లల చేతే చేయించాలి. ఆ తర్వాత తెగని అంకె ఒకటి ఇవ్వాలి. ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో అలాంటివి బోలెడు. 2025-26కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ ఎనిమిది శాతం దాటితే ఒక్కో శాతానికి ధరలో నూరో వంతు కోత, పన్నెండు దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. పది శాతం తేమ ఉన్న పత్తికి క్వింటాలుకు 162 రూపాయల 20 పైసలు పోతాయి. బండిలో ఏడు క్వింటాళ్ల ముప్పావు ఉంటే రైతు చేతికి ఎంతొస్తుందో ఐదో తరగతి పిల్లలు నేల మీద కూర్చుని తేల్చవచ్చు, గంటసేపు పట్టినా సరే.