ఎక్కుపెట్టిన బాణం

పాత్రలు ధరించి ఆడే 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రూలు 'రెడీ'. కాపు కాయడానికి రాసిన రూలు అది. మన వంతు రాగానే బాణం వెయ్యకుండా, ఫలానాది జరిగితే వేస్తానని పైకి చెప్పి ఆగుతాం. ఆ ఫలానాదే ట్రిగ్గర్. అది మన పాత్ర కంటికి కనిపించేదో, చెవికి వినిపించేదో అయ్యుండాలి. జరిగితే ఆ రౌండుకు ఉన్న ఒకే ఒక్క రియాక్షన్, అంటే మన వంతు కాకపోయినా స్పందించే అవకాశం, ఖర్చుపెట్టి బాణం వదలొచ్చు. జరగకపోతే ఆ వంతు పోయినట్టే.

దూరం నుంచి కొట్టేవాడి దగ్గర ఈ ఆట ఎప్పుడూ ఏదో ఒక ఖరీదు వసూలు చేస్తూనే ఉంది. 1979 నాటి డంజియన్ మాస్టర్స్ గైడ్ ప్రకారం, కలబడి ఉన్న గుంపులోకి బాణం వేస్తే అది ఎవరి మీదికి పోతుందో పాచికే తేల్చేది. మన స్నేహితుడికీ తగలొచ్చు. ఆ భయం పోయినందుకు నాకిప్పటికీ కొంచెం వెలితిగానే ఉంటుంది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో ఖరీదు కాపు మీద పడింది. తన వంతులో రెండుసార్లు కొట్టగల ఫైటర్ కాచుకుని కొడితే ఒక్క దెబ్బే. విజార్డ్ అయితే మంత్రం ముందే చదివేసి ఆ శక్తిని బిగబట్టి ఉండాలి. ఈలోపు దెబ్బ తగిలి ఏకాగ్రత చెదిరిందా, మంత్రమూ పోతుంది, మంత్రాల కోటాలో దానికి వాడిన స్లాటూ పోతుంది.

ఇంత ఖరీదు పెట్టి ఎవరు కొంటారని కొత్తవాళ్లు అడుగుతారు. బండ చాటు విలుకాడు ఎదురైన రోజున వాళ్లకే తెలుస్తుంది. లాంగ్‌బో 150 అడుగుల దాకా ఇబ్బంది లేకుండా, 600 అడుగుల దాకా కష్టం మీద కొడుతుంది. తన ఆరు సెకన్ల రౌండులో వాడు బండ దాటి బయటికొచ్చి, బాణం వేసి, మిగిలిన నడకతో మళ్లీ చాటుకు పోతాడు. మన వంతు వచ్చేసరికి కనిపించేది బండే. అంత దూరం నుంచి వాణ్ని కొట్టాలంటే కాపు కాయక తప్పదు.

అప్పుడు నోటి మాట విలువ తెలుస్తుంది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో కాచుకున్న దెబ్బ ట్రిగ్గర్‌కన్నా ముందే పడేది. ఐదో ఎడిషన్‌లో ట్రిగ్గర్ పూర్తయ్యాకే పడుతుంది. "వాడు బాణం వేస్తే కొడతాను" అన్నామంటే ముందు వాడి బాణం మనకు తగులుతుంది. "వాడు బండ దాటితే కొడతాను" అంటే మన బాణమే ముందు. నాకు ఈ కొత్త పద్ధతే నచ్చుతుంది. ఆటగాడు బల్ల మీది మ్యాపు చూసి, ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించి మరీ మాట్లాడాల్సి వస్తుంది.

ఇందులో నాకు పట్టింపున్నది డంజియన్ మాస్టర్ నిజాయితీ. ట్రిగ్గర్ ఏమిటో ఆట నడిపే నేను విన్నాను, బండ వెనక ఉన్నవాడు వినలేదు. విన్నాను కదా అని వాణ్ని ఆ రౌండు బయటికి రానివ్వకపోతే ఆటగాడి వంతు నేను దొంగిలించినట్టే. అందుకే శత్రువులు ఏం చేయబోతున్నారో ఆటగాళ్లు నోరు విప్పకముందే కాగితం మీద రాసుకుంటాను. విల్లు ఎక్కుపెట్టి నిలబడ్డ మనిషి కనిపిస్తే తెలివైన శత్రువు వెనకాడొచ్చు, అది న్యాయమే. ఏ క్షణానికి కాచుకున్నాడో మాత్రం వాడికి తెలియకూడదు.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. ట్రిగ్గర్ జరిగినా బాణం వదిలి తీరాలని లేదు. "తలుపు తెరుచుకోగానే కొడతాను" అన్నాక, తెరుచుకున్న తలుపులో గాబ్లిన్‌ల చెరలోని ఊరి మనిషి నిలబడి ఉండొచ్చు. కాబట్టి వెంటనే పాచిక వెయ్యమనను. ఎదురుగా ఎవరున్నారో పూర్తిగా చెప్పి, "వదులుతావా?" అని అడుగుతాను. వద్దంటే రియాక్షన్ అతని దగ్గరే మిగులుతుంది.