నీళ్ళు పోసేముందు చూడండి

విశాఖ జిల్లా పద్మనాభం మండలంలో డ్వాక్రా మహిళలతో ఆరోగ్యం గురించి మాట్లాడుతుంటాను. బీపీ, షుగరు సంగతులైతే తమంతట తామే చెప్పుకొస్తారు. రొమ్ము క్యాన్సర్ మాట ఎత్తినా ఇప్పుడు ఎవరూ మొహం తిప్పుకోరు. పెద్దపేగు క్యాన్సర్ అనేసరికి మాత్రం అందరూ బిగుసుకుపోతారు. విరేచనం సంగతి నలుగురిలో మాట్లాడాల్సి వస్తుందని బిడియం. అందుకే నేను క్యాన్సర్ పేరుతో మొదలుపెట్టను. "దొడ్డికెళ్ళాక, నీళ్ళు పోసేముందు ఎప్పుడైనా చూసుకున్నారా?" అని అడుగుతాను.

ఒకసారి వెనక వరసలోంచి ఒక పెద్దావిడ అంది: "మా ఇంటాయనకి నెత్తురు పడతంది గానీ, అవి మొలలే అమ్మా. మందు వాడతన్నాడు."

"మొలలని ఎవరు చూసి చెప్పారప్పా?"

"చూడ్డమేటమ్మా? ఎవులకి చూపిస్తాడు?"

మన పల్లెల్లో ఈ జబ్బు ముదిరేదాకా బయటపడకపోవడానికి ఇదో పెద్ద కారణం. నెత్తురు కనబడగానే మొలలని ఇంట్లోనే తేల్చేసుకుంటారు. ఏ దారిన వెళ్ళినా గోడల మీద, కరెంటు స్తంభాల మీద "మొలలకు ఆపరేషన్ లేకుండా చికిత్స" అన్న ప్రకటనలే. వాటి ముందు మా కరపత్రం ఎంత? నిజానికి చాలామందికి అవి మొలలే. కానీ మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదని ఎక్కడా లేదు. మన దేశంలో పెద్దపేగు క్యాన్సర్లలో పేగు చివరి భాగమైన పురీషనాళంలో పుట్టేవి చాలానే ఉంటాయి. అలాంటివి చాలాసార్లు డాక్టరు వేలితో చేసే పరీక్షలోనే అందుతాయి. రెండు నిమిషాల పని. సిగ్గు ఒక్కటే దానికి అడ్డం. నలభై నిండనివారిలోనూ ఈ జబ్బు కనిపిస్తోంది కాబట్టి "నాకింకా వయసు రాలేదు" అనుకోవడం కూడా ప్రమాదమే.

ఇంగ్లండులోనైతే 2006 నుంచి ఈ జబ్బుకి ప్రభుత్వమే పరీక్ష చేయిస్తోంది. ఇప్పుడు 50 నుంచి 74 ఏళ్ళవాళ్ళందరికీ రెండేళ్ళకోసారి పోస్టులో కిట్టు వస్తుంది. మలంలో కంటికి కనబడని నెత్తురుని పట్టే ఫిట్ అనే పరీక్ష అది. 2019లో అది రాకముందు మూడు వేర్వేరు రోజుల మలం అట్టముక్క మీద పూసి పంపాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్క నమూనా చాలు. పని తేలికయ్యేసరికి పరీక్ష చేయించుకునేవాళ్ళు పెరిగారు. జనానికి చెప్పడం ఎంత ముఖ్యమో, చెప్పిన పని చేతిలో ఇమిడేట్టు చేయడమూ అంతే ముఖ్యమని నాకు నమ్మకం కుదిరింది ఆ మార్పు చూశాకే.

మన దగ్గర అలాంటి కార్యక్రమం లేదు. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ముప్ఫై దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలున్నాయి. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు తక్కువ. అనుమానం వస్తే చేయాల్సిన కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) కూడా పట్నం దాటితే దొరకడం కష్టం. అలాంటప్పుడు "అందరూ పరీక్ష చేయించుకోండి" అని పల్లెలో మైకు పట్టుకుని చెప్పడం నాకు న్యాయంగా తోచదు. ఎక్కడ చేస్తారని అడిగితే దారి చూపించగలగాలి కదా.

ఫిట్ కిట్టు ఎలా ఉంటుందో మాత్రం చూపిస్తాను, ప్రైవేటు ల్యాబుల్లో చేయించుకునేవాళ్ళు ఉన్నారు కనక. చిన్న ప్లాస్టిక్ సీసా, మూతకి అంటుకుని గాళ్ళున్న పుల్ల. మలం పైపైన నాలుగుచోట్ల గీకి, పుల్లని మళ్ళీ సీసాలో పెట్టి బిగించాలి. ఇంగ్లీషు కరపత్రాల్లో బొమ్మలన్నీ కుర్చీలాంటి కమోడువే. మన దొడ్లో ముందు నీళ్ళు చల్లి కూర్చోవడం అలవాటు. ఆ రోజు నీళ్ళు చల్లొద్దని, పళ్ళెంలో పాత పేపరో విస్తరాకో వేసుకోమని విడమరిచి చెప్పాలి. సీసాని ఎండలో ఉంచకూడదు. వేడికి నమూనాలోని హిమోగ్లోబిన్ పాడై, ఉన్న నెత్తురు కూడా లేనట్టు వస్తుంది. మన మే నెల సంగతి తెలిసిందే. నెత్తురుందని వచ్చినా క్యాన్సరని కాదు, కొలనోస్కోపీ చేసి చూడాలని. కంటికే నెత్తురు కనబడుతున్నవాళ్ళు ఫిట్ కోసం ఆగక్కర్లేదు, నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్ళాలి.

నెత్తురు కొందరికి కనబడదు కూడా. లోపల కొద్దికొద్దిగా పోతుంటుంది. ఇక్కడ నాకు సాయపడేది అనంత పద్మనాభస్వామి కొండే. కార్తీక అమావాస్య దీపోత్సవానికి వెయ్యికి పైగా మెట్లెక్కే ఊరిది. "పోయినేడు గబగబా ఎక్కి ఈ ఏడు ప్రతి మలుపులో కూలబడుతున్నవాళ్ళు ఇంట్లో ఉన్నారా?" అని అడిగితే చేతులు లేస్తాయి. ఆయాసానికి కారణాలు చాలా ఉంటాయి. రక్తం తక్కువైందని తేలితే మాత్రం, ముఖ్యంగా మగవాళ్ళకీ ముట్లు ఉడిగిన ఆడవాళ్ళకీ, ఐరన్ మాత్రలిచ్చి ఊరుకోకూడదు. ఆ రక్తం ఎటు పోతోందో వెతకాలి. ఈ మాట ఊళ్ళో ఆర్‌ఎంపీలకి విడిగా కూర్చోబెట్టి చెప్పాలి. బలానికి సెలైన్ ఎక్కించుకుందామని జనం ముందు వెళ్ళేది వాళ్ళ దగ్గరికే. వాళ్ళని తప్పించి పల్లెలో ఆరోగ్య ప్రచారం చేయగలమని నేననుకోను.

పెద్దపేగులో చిన్న పిలకగా మొదలైనది క్యాన్సరయ్యేసరికి సాధారణంగా పదేళ్ళు పట్టొచ్చు. పిలకగా ఉండగానే కొలనోస్కోపీలో తీసేయొచ్చు. ఈ సంగతి చెప్పాక వినేవాళ్ళ భయం తగ్గుతుంది. వెంటనే దారి కూడా చెప్పేస్తాను: ముందు పీహెచ్‌సీ, అక్కణ్ణించి విశాఖలో కేజీహెచ్, క్యాన్సరని తేలితే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళు నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి.

జబ్బు తేలిన మనిషి ఇంట్లో ఇంకో మాట కూడా చెప్పాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఎదిగిన పిల్లలు తమకు ఏ బాధా లేకపోయినా నలభయ్యో ఏటనైనా, లేదా ఆ మనిషికి జబ్బు బయటపడిన వయసుకి పదేళ్ళు ముందైనా, ఏది ముందొస్తే అప్పుడు కొలనోస్కోపీ గురించి డాక్టరుతో మాట్లాడుకోవాలి. పెళ్ళి సంబంధాలు చెడతాయని ఈ జబ్బు పేరు దాచే ఇళ్ళున్నాయి. ఊరందరికీ చెప్పనక్కర్లేదు, తోడబుట్టినవాళ్ళకి, పిల్లలకి చెబితే చాలు అని ఆ ఇంటి పెద్దావిడతో ఒంటరిగా కూర్చుని చెబుతాను.