ఒక్క కుట్టునకు పెక్కు యంత్రములు

ఇంట నొక కుట్టుమిషను ఉన్నచో దానిని ఇల్లాలి నేర్పునకు, సంసారపు పొదుపునకు గుర్తుగా లోకము గౌరవించును. రెండవది వచ్చినచో కూతురికి సారెగా పంపుటకై కొన్నారు కాబోలునని సరిపెట్టుకొనును. మూడవదియు, నాలుగవదియు, చెక్కపెట్టెతో కూడిన అయిదవదియు గడప దాటినప్పుడు మాత్రము ఇరుగుపొరుగువారు మొగమొగములు చూచుకొందురు. వారి సందేహము నిష్కారణమైనది కాదు. కుట్టు ఒక్కటే యైనప్పుడు, గుడ్డను గుడ్డతో కలుపు ప్రయోజనమును ఒక్కటే యైనప్పుడు, పనిముట్లు పెక్కు ఏల? దర్జీకి అది జీవనోపాధి గనుక ఆతని నడుగువారు లేరు. వేడుకకై కూర్చుకొనువారు మాత్రము సమాధానము చెప్పవలసినదే. ఆ సమాధానమును వెదకుటకు బిలాసపురము వంటి రైలుపట్టణము మిక్కిలి అనువైన చోటు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన ప్రధాన మార్గమును 1891 నాటికి నాగపూరు నుండి ఆసన్‌సోలు వరకు పూర్తిచేయగా, ఆ మార్గమున అర్పా నదీతీరమునందలి బిలాసపురము జంక్షనుగా, లోకోషెడ్డుగా, క్వార్టర్ల వరుసలుగా పెరుగజొచ్చెను. ఆ కంపెనీ తూర్పుతీరమున వాల్తేరు వరకు విస్తరించుటయు, 1931లో రాయపూరు–విజయనగరము మార్గము పూర్తియగుటయు ఉత్తరాంధ్ర కుటుంబములను ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా, గ్యాంగుమన్లుగా, గుమాస్తాలుగా ఈ హిందీ నేలకు చేర్చినవి. నేడు ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన ఈ యూరిలో తెలుగు మాట వినబడని రైల్వేకాలనీ అరుదు. ఇట్టి సంసారములలో కుట్టుమిషను విలాసవస్తువు కాదు. చిరిగిన ఖాకీ చొక్కాకు మాసిక వేయవలెను, పండుగకు ఆడపిల్లలకు పరికిణీలు కుట్టవలెను, బుధవారీ బజారున కొన్న తానుగుడ్డ రవికలుగాను గలీబులుగాను మారవలెను. బదిలీ యుత్తరువు వచ్చినప్పుడు బరువైన ఇనుపస్టాండు నమ్మివేసి మిషనుతలను మాత్రమే కొనిపోవువారును, ఉద్యోగ విరమణానంతరము స్వస్థలమునకు మరలుచు మిషనును పొరుగింటి కప్పగించి పోవువారును ఇట్టి పట్టణములలో సహజముగానే యుందురు. కనుక పాతమిషను లిచ్చట చేతులు మారుచుండును; చూచు కన్నున్నవారికి అవి దొరకుచుండును.

ఆ కన్ను దేనిని చూడవలెనో తెలియుటకు ముందు కుట్టు ఎట్లు పడునో తెలియవలెను. కుట్టుయంత్రపు రహస్యమంతయు ఒక చిన్న ఉచ్చులో నున్నది. చేతిసూదికి కన్ను మొదలు వద్ద నుండగా యంత్రపు సూదికి మొన వద్ద నుండును. ఆ మొన దారముతో గుడ్డను దూరి, అడుగు ముట్టి, రవంత పైకి లేచినంతనే, దారము గుడ్డలో ఒరసి నిలిచిపోవుటచేత సూది ప్రక్కన ఉచ్చు విచ్చుకొనును. సరిగా ఆ క్షణముననే క్రిందిదారము ఆ యుచ్చును దాటవలెను. పిమ్మట పైమీట లాగగా రెండు దారములును గుడ్డ మందము నడుమ పెనవైచుకొనును. 1830లో ఫ్రాన్సు దేశమున తిమోనియే పేటెంటు పొందిన యంత్రము ఒంటిదారముతో గొలుసుకుట్టు కుట్టెడిది. అట్టి కుట్టు కొస పట్టి లాగినచో వరుసయంతయు ఊడివచ్చును. 1846లో అమెరికాలో ఎలియాస్ హౌ పేటెంటు పొందిన యంత్రపు రెండుదారముల బంధము అట్లూడదు. 1851లో ఐజాక్ సింగరు తన యంత్రమునకు పేటెంటు పొందెను. తిరుగుడు కొక్కెమును, గుడ్డను జరుపు పళ్ల నాలుగు విధముల కదలికను అలెన్ విల్సను కల్పించెను.

ఉచ్చులోనుండి క్రిందిదారమును దాటించుట ఎట్లు? ఈ యొక్క ప్రశ్నకు ఒక్కొక్క మిషను ఒక్కొక్క విధమున బదులు చెప్పును. సింగరు 12వ నంబరులో క్రిందిదారపు బాబినును మోయు పడవ ఆకారపు షటిల్ సూటిగా అటునిటు జారును; 28వ నంబరులో తుపాకిగుండు రూపపు షటిల్ చాపరేఖ వెంబడి ఊగును; 15వ నంబరులోను, ఆ మాదిరిపై మన దేశమున తయారైన మిషనులలోను కొక్కెము కొంత తిరిగి మరల వెనుకకు వచ్చును; 201వ నంబరులో అది వెనుకకు మరలక ఒకే దిక్కున తిరుగుచునే యుండును. చెప్పులు కుట్టువారి 29వ నంబరులో గుడ్డను జరుపు పని క్రింది పళ్లది గాక పైపాదమునకే అప్పగింపబడినది. ఆ పాదము ఏ దిక్కునకైనను తిరుగును గనుక బూటు లోపలకూడ కుట్టు సాధ్యమగును. వీనిని వరుసగా త్రొక్కి చూచినవారికి చప్పుడులోను, కాలికి తగులు బరువులోను, గుడ్డపై పడిన కుట్టు తీరులోను భేదము స్పష్టముగా తెలియును. పుస్తకమున పది పుటలు చదివినను కలుగని యీ తెలివి ఒక్క మధ్యాహ్నపు కుట్టుపనితో కలుగును. పెక్కు మిషనుల నుంచుకొనుటకు మొదటి హేతు విదియే.

లోకోషెడ్డు పని యెరిగిన యింట ఈ తెలివివలన కలుగు ఆనందము ఇనుమడించును. ఆవిరియింజనులో పిస్టను ముందువెనుకల కదలిక కనెక్టింగ్ రాడ్డు ద్వారా చక్రభ్రమణముగా మారినట్లే, తొక్కుడుపలక ఊపు నిలువుకడ్డీ ద్వారా క్రింది పెద్దచక్రపు భ్రమణముగా మారును. రెంటికిని చిక్కు ఒక్కటే: కడ్డీయు క్రాంకును ఒకే సరళరేఖలోనికి వచ్చి నిలిచినప్పుడు ఎంత బలముతో త్రోసినను చక్రము కదలదు. ఇంజనులో ఈ చిక్కు తీరుటకై రెండువైపుల క్రాంకులను తొంబది డిగ్రీల యెడముతో అమర్చుదురు. ఒకటి నిస్సహాయమైనప్పుడు రెండవది లాగును. తొక్కుడుమిషనుకు కడ్డీ యొక్కటే గనుక, ఆ రెండవ క్రాంకు పని కుట్టువారి కుడిచేతిపై బడినది. చేతిచక్రమును తనవైపునకు రవంత త్రిప్పి కాలికి దారి చూపుట నేర్చుకొనువారికి మొదటి పాఠము. వెనుకకు త్రిప్పినచో దారము క్రింద చిక్కుపడును.

ఇక సంగ్రహించు విధానము. తుప్పును చూచి భయపడరాదు, నిగనిగలను చూచి మురియరాదు. తొలుత చూడవలసినది షటిల్ ఉన్నదా, బాబిన్లు ఉన్నవా, చక్రము తిరుగునా అనునది. తుప్పు వదలును గాని, పోయిన పాతకాలపు షటిల్ సులభముగ దొరకదు. 12వ నంబరుకు వలసిన ప్రత్యేకపు సూదులును నేడు అరుదు. పీఠముపై చెక్కిన సంఖ్యనుబట్టి సింగరు మిషను ఏ కాలపుదో తెలిసికొనవచ్చును. మన దేశమునకు వచ్చిన పాత సింగర్లలో అనేకము 1885 ప్రాంతమున ప్రారంభమై 1980లో మూతపడిన స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకు కర్మాగారపువి. బిగిసిపోయిన మిషనుకు సాధారణముగా శత్రువు తుప్పుకంటె నూనెయే. మిషనునూనె లేనప్పుడు పోసిన కొబ్బరినూనెయో వంటనూనెయో ఏండ్ల తరబడి జిగురై గట్టిపడును. దానికి సుత్తి మందు కాదు. కీళ్లలో కిరసనాయిలు చుక్కలు వేసి, ఓపికతో కదలించి, మురికి తుడిచి, పలుచని మిషనునూనె వేయవలెను. తలపైని బంగారు పూలలతలకు మాత్రము స్పిరిటు తగులనీయరాదు. పై పూత లక్కమెరుగు గనుక స్పిరిటు దానిని కరిగించును.

కదలిన మిషను కుట్టునని లేదు. సూదికి గల పొడవైన గాడి దారము ఎక్కు వైపునకును, గుల్లపడిన వైపు షటిల్ మొనకును తిరిగియుండవలెను; ఈ దిక్కు అన్ని మిషనులకు నొక్కటి కాదు. తరువాత చిరుగుడ్డపై నొక వరుస కుట్టి అడుగుభాగమును చూడవలెను. అడుగున ఉచ్చులు కనబడినచో సాధారణముగా లోపము పైదారపు బిగువులో నున్నది; క్రిందిదారము పైకి వచ్చినచో పైబిగువు మితిమీరినది. క్రింద కనబడు దోషమునకు పైన చికిత్స చేయవలసివచ్చుట తొలుత వింతగా నుండును.

ఈ శ్రమకు విలువ ఏమి? బొంబాయి పార్సీ నసర్వాంజీ మెర్వాంజీ పటేల్ సింగరు ప్రతినిధియై మన దేశమున ఈ యంత్రమును వ్యాపింపజేసెను. 1930వ దశకమున కలకత్తాలోని జయ్ ఇంజనీరింగ్ వర్క్సు ఉషా మిషనును తయారుచేసి స్వదేశీ పరిశ్రమకు బాట వేసెను. యంత్రములయెడ అంత జంకిన గాంధీమహాత్ముడును 1924లో సింగరు మిషనును మినహాయించి మాటలాడెను. మరను విప్పి, చూచి, మరల బిగించుకొనుటకు యజమానికే అవకాశమిచ్చిన యంత్రజాతి ఇది. శతవర్షములు నిండిన పెక్కు తలలకు నేటికిని బజారులో సూది దొరకుట, దర్జీ వీధిలో వానిని బాగుచేయువాడు దొరకుట సామాన్యవిషయము కాదు. ఆ పరంపరను నిలుపువారిలో దర్జీలతోపాటు ఈ వేడుకకారులును కలరు.

అయితే దీనికొక హద్దు గలదు. మిషనులను వరుసగా పేర్చి దుమ్ము తుడిచినంత మాత్రమున అది సంగ్రహము కాదు. నడువని కీలు మరల బిగియును, ఎండిన తోలుబెల్టు పగులును. ఒకదానిపై మందపు ఖాకీని, ఒకదానిపై పలుచని రవికగుడ్డను, చేతిమిషనుపై పిల్లల గౌనులను కుట్టుచు ప్రతిదానికిని పని పంచగలిగినంతవరకే మిషనుల సంఖ్య న్యాయము. మిగిలినదానిని షటిలుతో, బాబిన్లతో, సూదులతో సహా కుట్టగోరువారికి ఇచ్చివేయుట మేలు. ఇచ్చునప్పుడు దారమెక్కించుటయు, అడుగు చూచి బిగువు సరిచేయుటయు దగ్గర కూర్చుండబెట్టి నేర్పి యిచ్చుట అంతకంటె మేలు. ఆ నేర్పు లేక చేతులు మారిన మిషను పాతయినుము ధరకే అమ్ముడుపోవును.