యాభై నాలుగేళ్లకు అదే గ్రహణం

మా అటక మీద ఒక ట్రంకు పెట్టె ఉంది. దాన్నిండా తాతయ్య పంచాంగాలే. ఉగాదికి కొత్తది ఇంటికి రాగానే పాతదాని మూల దబ్బనంతో చిల్లు పొడిచి, పురికొసకు గుచ్చి, కట్టలో కలిపేసేవారు. ఆయన పోయాక ఆ పని నాకొచ్చింది. ఏ ఏడాదీ తప్పలేదు.

మొన్న 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం చూశాను కదా, మర్నాడు పొద్దున్నే ఆ పెట్టె దించాను. నాక్కావలసింది విరోధికృత్ నామ సంవత్సరం, అంటే 1971. శ్రావణ పౌర్ణమి పేజీ తీశాను. అంచున కాపీయింగ్ పెన్సిలుతో తాతయ్య రాత: "పట్టు పదకొండున్నర లోపే. నడిమి ఒంటిగంట దాటాక. రంగు తోమని రాగి చెంబు. మబ్బు రెండుసార్లు. వాణ్ణి లేపాను." ఆ లేపించుకున్నవాణ్ణి నేనే. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు.

దాని పక్కన నా నోటుపుస్తకం పెట్టాను. "పట్టు 9.57. పూర్తిగా మునక 11.01. నడిమి 11.42. వెలుగు తొలి చుక్క 12.23. విడుపు 1.26. తుప్పు రంగు. మబ్బు వస్తూ పోతూ." రెండు రాతల్నీ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మధ్యలో యాభై నాలుగేళ్ల ముప్ఫై రెండు రోజులు. అయినా వచ్చింది అదే గ్రహణం. రెండోసారి మా మేడ మీదికి వచ్చింది.

ఈ మాట కవిత్వానికి అనడం లేదు, లెక్క ఉంది. పౌర్ణమి నుంచి పౌర్ణమికి సగటున 29.53 రోజులు. చంద్రుడు రాహువు దగ్గర బయల్దేరి మళ్లీ రాహువును చేరడానికి 27.21 రోజులు. భూమికి దగ్గరగా వచ్చి, దూరం పోయి, మళ్లీ దగ్గరకు రావడానికి 27.55 రోజులు. ముగ్గురు మనుషులు తలో రకం అడుగుతో తిరుగుతున్నారనుకోండి. 223 పౌర్ణములకు 6585.32 రోజులు. రాహువు దగ్గరకు 242 సార్లు రావడానికి 6585.36. దగ్గర దూరాల చుట్లు 239కి 6585.54. ఈ మూడూ ఇంత దగ్గరగా కలవడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పద్దెనిమిదేళ్ల పదకొండు రోజుల ఎనిమిది గంటలు గడిస్తే (మధ్యలో అయిదు లీపు సంవత్సరాలు పడితే పది రోజులే) సూర్యుడు, చంద్రుడు, రాహుకేతువులు దాదాపు పాత వరసలోనే నిలబడతారు. దూరం కూడా దాదాపు పాత దూరమే. ఈ చుట్టునే శారోస్ చక్రం అంటారు. బాబిలోనియా వాళ్లకు ఇది క్రీస్తు పుట్టక ముందే తెలుసు.

ఆ ఎనిమిది గంటల దగ్గరే నేను దెబ్బతిన్నాను. కాలేజీ రోజుల్లో లైబ్రరీ పుస్తకంలో ఈ చక్రం గురించి చదివి, 1971కి పద్దెనిమిదేళ్లు కలిపాను. 1989 ఆగస్టు 17 వచ్చింది. ఆ ఏటి పంచాంగంలో మన ప్రాంతానికి గ్రహణం చెప్పలేదు. పంచాంగకర్త వదిలేశాడనుకున్నాను. పదహారో తేదీ రాత్రంతా మేడ మీద చాప వేసుకుని కూర్చున్నాను. చంద్రుడు చెక్కు చెదరకుండా నడినెత్తికొచ్చి, పడమటికి వాలి, తెల్లారేసరికి కుంకిపోయాడు. గ్రహణం మాత్రం వచ్చింది. మనకు పట్టు ఉదయం 6.51కి. అప్పటికి మన చంద్రుడు లేడు. అమెరికా ఖండాల వాళ్లు చూశారు. కిందికి దిగి చెబితే తాతయ్య ఒకటే అడిగారు: "రోజులు కలిపావు, గంటలు కలిపావురా?"

కలపలేదు. ఎనిమిది గంటల్లో భూమి మూడోవంతు తిరుగుతుంది. అందుకే ఆ గ్రహణం తిరిగొచ్చినప్పుడు పడమటికి ఒక మూడోవంతు ప్రపంచం దాటి కనిపిస్తుంది. 2007 ఆగస్టు 28న రెండో చుట్టు పూర్తయింది. మన లెక్కన సాయంత్రం 5.54కే విడిచిపోయింది, తెలుగునాట చంద్రోదయానికి ముందే. ఈసారి నేను మేడ ఎక్కలేదు, సర్వజిత్తు పంచాంగం అంచున వేళ మాత్రం రాసిపెట్టాను. మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు. మూడు చుట్లు తిరిగితే గ్రహణం మళ్లీ మన ఇంటి మీదికి వస్తుంది, కాస్త ముందో వెనకో. మొన్నటిది గంటన్నర ముందుకు జరిగింది. గ్రీసు దగ్గర సముద్రంలో మునిగిన ఓడలో దొరికిన ఆంటికిథెరా యంత్రం గురించి చదివినప్పుడు నాకు 1989 రాత్రి గుర్తొచ్చింది. రెండువేల ఏళ్ల నాటి ఆ కంచు పళ్ల చక్రాల పెట్టెలో 223 నెలల చుట్టుకు ఒక డయలు ఉంది. దాని లోపల ఇంకో చిన్న డయలు, మూడు భాగాలు. ఎన్ని గంటలు కలపాలో చెప్పడానికి: ఏమీ వద్దు, ఎనిమిది, పదహారు. తాతయ్య అడిగిన ప్రశ్ననే వాళ్లు యంత్రంలో బిగించారు.

ఒక గ్రహణానికి ముందు తరాలు, వెనక తరాలు ఉంటాయని అర్థమయ్యాక నా చూపు మారింది. మొన్నటి గ్రహణం కుటుంబానికి ఖగోళ శాస్త్రజ్ఞులు 128 అని నంబరిచ్చారు. దాని పుట్టుక 1304 జూన్ 18న. అప్పటికి ఓరుగల్లును ప్రతాపరుద్రుడు ఏలుతున్నాడు. ఆ రోజు భూమి పలచని నీడ అంచు చంద్రుణ్ణి కాస్త తాకింది, అంతే. ఎవరూ గమనించి ఉండరు. చిక్కటి నీడ తగలడానికే 1430 దాకా పట్టింది. నాలుగు వందల ఏళ్లు పాక్షికంగానే నడిచి, 1845లో తొలిసారి సంపూర్ణమైంది. 1953లో నిండు వయసు, నూరు నిమిషాలు నీడలో ఉండిపోయాడు చంద్రుడు. తాతయ్య నన్ను లేపిన నాడు 99 నిమిషాలు. 2007లో 90. మొన్న 82. తరుగుతోంది. 2097 అక్టోబరు 21తో సంపూర్ణ గ్రహణాలు అయిపోతాయి. ఆ తర్వాత మళ్లీ పాక్షికాలు, మళ్లీ పలచని నీడలు. 2566 ఆగస్టు 2న ఆఖరిది. మొత్తం 71 మంది ఆ ఇంట్లో.

ఈ తరుగుదలకు కారణం ఇందాకటి లెక్కలోనే ఉంది. 6585.32కూ 6585.36కూ మధ్య ఆ కాస్త తేడా. చుట్టు పూర్తయ్యేసరికి చంద్రుడు రాహువు దగ్గరకు పూర్తిగా చేరడు, పిసరంత వెనకబడతాడు. దాంతో ప్రతిసారీ నీడలో కొంచెం దక్షిణానికి జరుగుతాడు. ఉత్తరపు అంచున పుట్టిన కుటుంబం దక్షిణపు అంచున పోతుంది.

ఇక్కడే మన పంచాంగం నన్ను నిలబెట్టేసింది. గ్రహణాన్ని మన గణకులు రెండు రకాలుగా విడదీస్తారు. ఒకటి ఎంత పట్టింది: పాక్షికమా, సంపూర్ణమా. రెండోది ఎవరు పట్టారు: రాహుగ్రస్తమా, కేతుగ్రస్తమా. చిన్నప్పుడు ఈ రెండోది కథ అనుకునేవాణ్ణి. కాదు. సూర్యుడి దారికి చంద్రుడి దారి అయిదు డిగ్రీల వాలులో ఉంటుంది. రెండు దారులూ రెండు చోట్ల దాటుకుంటాయి. చంద్రుడు ఉత్తరానికి ఎక్కే కూడలి రాహువు, దక్షిణానికి దిగే కూడలి కేతువు. ఆర్యభటుడు 499లోనే చంద్రగ్రహణం భూమి నీడ వల్లనే అని రాశాడు. ఆ తర్వాత కూడా గణకులు రాహుకేతువుల పేర్లు వదలకుండా కూడళ్లకు ఉంచుకున్నారు, పని జరుగుతోంది కనుక.

ఎంత పట్టింది అన్నది మారిపోయే గుణం. ఒకే కుటుంబంలో పలచనిదీ, పాక్షికమూ, సంపూర్ణమూ అన్నీ ఉంటాయి. ఎవరు పట్టారు అన్నది మాత్రం మారదు. రాహువు ఇంట పుట్టిన గ్రహణం పన్నెండు వందల ఏళ్లూ రాహుగ్రస్తమే. శ్రావణం నుంచి మాసం భాద్రపదానికి జరిగింది, నక్షత్రం శ్రవణం నుంచి ముందుకు జరిగింది, విరోధికృత్ పంచాంగంలో ఉన్న మాట విశ్వావసులోనూ ఉంది: రాహుగ్రస్త సంపూర్ణ చంద్రగ్రహణం. ఆధునిక నంబర్లలోనూ ఇదే దాగి ఉంది. చంద్రగ్రహణాల కుటుంబాల్లో సరి సంఖ్యలన్నీ రాహువువి, బేసి సంఖ్యలన్నీ కేతువువి. రాహువు పిల్లలు ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తారు, కేతువు పిల్లలు దక్షిణం నుంచి ఉత్తరానికి. గోత్రం అడిగినట్టే పంచాంగం గ్రహణాన్ని ఎవరి ఇంటిదానివని అడుగుతోంది. ఇంతకన్నా మంచి వర్గీకరణ నాకు తెలియదు.

పేర్ల మాటకొస్తే, శారోస్ అన్న పేరే సరైంది కాదని 1756లో చెప్పినవాడు ఫ్రెంచి ఖగోళవేత్త లెజాంతీ. పాత గ్రీకు నిఘంటువులోని మాటను ఎడ్మండ్ హేలీ తప్పుగా తగిలించాడని వాదించాడు. పేరు మాత్రం అతుక్కుపోయింది. శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం చూడాలని ఈయన మన దక్షిణాదికి వచ్చాడు. 1769లో పుదుచ్చేరిలో సరిగ్గా వేళకు మబ్బు కమ్మింది. కానీ అక్కడి తమిళ గణకుల లెక్క నేర్చుకున్నాడు. 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణం నిడివి వాళ్ల పద్ధతిలో 41 సెకన్లు తక్కువ వచ్చింది, ఆయన తెచ్చుకున్న మేయర్ పట్టికల్లో 68 సెకన్లు ఎక్కువ. వట్టి చేతులతో పోయాడని ఆయన గురించి అంటారు. నేననను.

అయిదు వేల ఏళ్ల పట్టిక ఒకటి ఉంది, క్రీస్తుకు పూర్వం రెండువేల నుంచి 3000 దాకా. అందులో చంద్రగ్రహణాలు 12,064. వాటిలో 4,378 పలచని నీడవే, పంచాంగాలు లెక్కలోకి తీసుకోనివి. సంపూర్ణాలు 3,479. ప్రతిదానికీ వేళ సెకన్లతో సహా ఉంది. ఒక్కటి లేదు, రంగు. అది ఏ చక్రానికీ లొంగదు.

నీడలో మునిగిన చంద్రుడు ఎర్రబడేది భూమి చుట్టూ ఉన్న గాలిపొర వల్ల. అదే క్షణంలో భూమి అంచు పొడవునా ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తోందో, ఎక్కడెక్కడ పొద్దు కుంకుతోందో, ఆ ఎరుపంతా వంగి వెళ్లి చంద్రుడి మీద పడుతుంది. ఆ గాలి ఎలా ఉంటే రంగు అలా. ఆంద్రే దాంజోన్ అనే ఫ్రెంచి ఖగోళవేత్త దీనికి సున్నా నుంచి నాలుగు దాకా అయిదు మెట్లు పెట్టాడు. నేను వాటిని మసి, బూడిద, తుప్పు, ఇటుక, రాగి అని రాసుకుంటాను. పరికరం ఏమీ అక్కర్లేదు, కన్ను చాలు.

నా పుస్తకంలో మసి అని ఒక్కసారే ఉంది. 1992 డిసెంబరు 10 తెల్లవారుజాము. చలి. ఒక్క మబ్బు లేదు. నాలుగున్నర దాటాక ఆఖరి వెలుగు చుక్క ఆరింది. అంతే, చంద్రుడు లేడు. చుక్కలు మాత్రం అమావాస్యకు పొడిచినట్టు పొడిచాయి. పడమట ఎక్కడున్నాడో వేలుతో చూపించలేకపోయాను. కొంతసేపటికి కళ్లు అలవాటుపడితే బూడిద ముద్దలాంటిది కనీకనపడక. ముందటేడు జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలింది. అది ఎగజిమ్మిన గంధకపు పొగమంచు పైగాలిలో ఏడాదిన్నరైనా పోలేదు. ఎక్కడో పేలిన కొండ మా ఊరి చంద్రుణ్ణి ఆర్పేసింది. 1963 చివర్లో కూడా బాలిలో అగుంగ్ పేలాక వచ్చిన గ్రహణం ఇలాగే చీకటైందని నమోదైంది.

తాతయ్య వేళలతో ఆగకుండా రంగు ఎందుకు రాసేవారో ఆ తెల్లవారుజామున తెలిసింది. వేళ ఎప్పుడైనా లెక్కగట్టుకోవచ్చు, వెయ్యేళ్ల వెనక్కి కూడా. రంగును ఆ రాత్రి ఎవరో నిలబడి చూసి రాయకపోతే అది పోయినట్టే. 1971 ఆగస్టులో మా ఊరి మీద చంద్రుడు ఏ రంగులో ఉన్నాడన్నదానికి నా దగ్గరున్న సాక్ష్యం ఆ తోమని రాగి చెంబు ఒక్కటే.

ఆ రాత్రి నాకూ కొంచెం గుర్తుంది. వసారాలో బామ్మ ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. పట్టు ఉన్నంతసేపు నిలుస్తుందని ఆవిడ నమ్మకం. ఊరగాయ జాడీల మీద దర్భలు. తాతయ్య నన్ను భుజం మీద వేసుకుని మెట్లెక్కారు. "అదిగో, నిద్రపోతున్నాడు చూడు" అన్నారు. చంద్రుడు పండులా గుండ్రంగా కనిపించాడు. రోజూ పళ్లెంలా కనిపించేవాడు ఆ రాత్రి బంతిలా ఉన్నాడు. మొన్న కూడా అలాగే కనిపించాడు. మా మనవరాలిని లేపాను. అది కాసేపు చూసి "తాతయ్యా, ఇటుకపొడి" అంది. నేను తుప్పు రాశాను. దాని మాట కూడా పక్కనే రాశాను.

పెట్టె మూసేముందు విరోధికృత్ పంచాంగం ఇంకాస్త తిరగేశాను. ఆర్నెల్ల తర్వాత, 1972 జనవరి 30, మాఘ పౌర్ణమి. కేతుగ్రస్త సంపూర్ణ చంద్రగ్రహణం, గ్రస్తోదయం (పట్టుతోనే ఉదయించడం). దానికి యాభై నాలుగేళ్లు కలిపాను, ఈసారి గంటలతో సహా. 2026 మార్చి 3, ఫాల్గుణ పౌర్ణమి. విశ్వావసు పంచాంగంలో చూస్తే అక్కడే ఉంది, కేతుగ్రస్తం, గ్రస్తోదయం. కుటుంబం నంబరు 133. ఆ రెండు పంచాంగాలూ కవలలు. ఏడాదిలో వచ్చిన రెండు సంపూర్ణ చంద్రగ్రహణాలూ అవే, అదే వరసలో.

1972 పేజీ అంచున తాతయ్య రాసింది చిన్న వాక్యం: "కొబ్బరిచెట్ల పైకి వచ్చేసరికి విడిచిపోయింది." ఈసారి విడుపు సాయంత్రం 6.47కి. చంద్రోదయం తర్వాత మనకు అరగంట దాకా ఉంటుంది. తూర్పున చెట్లు అడ్డంలేని చోటు కావాలి. ఏటిగట్టు మీద రేవు దగ్గర బాగుంటుందేమో, ఈ ఆదివారం వెళ్లి చూసి వస్తాను.