నేర్పడం సగం పనే

కుట్టు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు నేను మొదట దారం ఇవ్వను. గీతల కాగితం ఇస్తాను. దారం ఎక్కించని సూది ఆ గీత మీదే నడవాలి. కొత్త కాళ్లు తొక్కితే చక్రం వెనక్కి తిరుగుతుంది, గీత పక్కకు పోతుంది, కాగితం చినుగుతుంది. కాలూ చెయ్యీ ఒక్కటయ్యాకే దారం.

ఆ తర్వాత బాబిన్ చుట్టడం, కింది దారాన్ని పైకి లాగడం, తోలు బెల్టు వదులైతే కాస్త కోసి తీగతో మళ్లీ కలపడం. జాకెట్టు దాకా వచ్చాక అసలు పరీక్ష చంక దగ్గర. కొలతలన్నీ సరిగ్గా ఉన్నా అక్కడ కత్తెర వంపు తప్పిందా, చెయ్యెత్తగానే జాకెట్టంతా పైకి లేస్తుంది. ఈ పని వచ్చిన పిల్ల ఎక్కడైనా బతుకుతుందని మా తుమ్మలపల్లెలో అంటుంటారు. నిజమే, పని ఇచ్చేవాళ్లుంటే.

వానను నమ్ముకుని సెనక్కాయ వేసే సీమ మనది. చినుకు రాలని ఏడాది కుటుంబాలు బెంగళూరు బస్సెక్కుతాయి. అందుకే చేతిపని నేర్పే సంస్థ ఏది వచ్చినా నాకు సంతోషమే. కానీ చాలా చోట్ల కథ ఒకేలా నడుస్తుంది. కొన్ని నెలల శిక్షణ, ఒక సర్టిఫికెట్, ఒక ఫొటో, ఒక మిషన్. ఏడాది తిరిగేసరికి ఆ మిషన్ మీద ఉతికిన బట్టలు మడతపెట్టి ఉంటాయి. ఆ పిల్ల బద్ధకస్తురాలు కాదు. ఒకే ఊళ్లో ఇరవై మందికి కుట్టు నేర్పితే, ఇరవై మందికీ సరిపడా జాకెట్లు కుట్టించుకునే జనం ఆ ఊళ్లో ఉండరు. అంతే. విత్తనమిచ్చి నీళ్ల సంగతి మరిచిపోవడం లాంటిదిది.

మన పక్కనే అనంతపురంలో దీనికి జవాబు వెతికినవాళ్లున్నారు. 1969లో విన్సెంట్ ఫెర్రర్, ఆన్ ఫెర్రర్ అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) పనిని మొదలుపెట్టారు. దివ్యాంగులైన ఆడవాళ్లకు ఆ సంస్థ జనపనార సంచులు, కాగితపు గుజ్జుతో వస్తువులు, ఎంబ్రాయిడరీ నేర్పింది. అక్కడితో ఆగలేదు. 1996లో స్పెయిన్‌లో ఏర్పడిన విన్సెంట్ ఫెర్రర్ ఫౌండేషన్ ద్వారా ఆ వస్తువులు అక్కడి దుకాణాలకు చేరాయి. స్పెయిన్ వాళ్లు చందా ఇచ్చి ఊరుకోలేదు, సరుకూ కొన్నారు. 2009లో విన్సెంట్ ఫెర్రర్ పోయినా ఆ పని ఆగలేదంటే, ఇచ్చే చేతితో పాటు కొనే చెయ్యి కూడా ఉండబట్టేనని నా నమ్మకం.

ఆఫ్రికా పల్లెల్లోనూ ఇదే పాఠం. ఇంగ్లండులోని ‘టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్’ అనే సంస్థ ఇళ్లలో మూలపడిన రంపాలు, సుత్తులు, కుట్టుమిషన్లు సేకరించేది. వాలంటీర్లు వాటి తుప్పు వదిలించి, బాగుచేసి, వడ్రంగికి ఒక పెట్టె, కమ్మరికి ఒక పెట్టె, దర్జీకి ఒక పెట్టెగా సర్దేవారు. టాంజానియా, మలావి వంటి దేశాల్లో పని నేర్పే బృందాలకు అవి చేరేవి. పనిముట్టుతో పాటు లెక్క రాసుకోవడం, ధర కట్టడం కూడా నేర్పాలని ఆ సంస్థ గుర్తించింది. జాకెట్టుకు ఎంత అడగాలో తెలియని పిల్ల ఎంత బాగా కుట్టినా నష్టపోతుంది. ఈ సంగతి మలావిలోనైనా మన మండలంలోనైనా ఒక్కటే.

పని చూపించడం ప్రభుత్వాల చేతిలోనూ ఉంది. తెలంగాణలో 2024లో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పనిని మహిళా సంఘాలకు అప్పగించి, జతకు 50 రూపాయలున్న కూలిని 75 చేశారు. ఏటా జూన్‌లో బడి తెరుస్తారు, పిల్లలకు ఏటా కొత్త బట్టలు కావాలి. ఇంతకంటే నమ్మకమైన గిరాకీ పల్లెలో మరొకటి దొరకదు.

కాబట్టి శిక్షణ కేంద్రానికి సాయం చేయాలనుకునే దాతలకు, సంస్థలకు నా విన్నపం. పది మిషన్లు ఇవ్వగలిగితే ఆరే ఇవ్వండి. మిగిలిన డబ్బుతో తొలి ఏడాది వాళ్లు కుట్టినవి మీరే కొనండి. మిషన్ చెడితే బాగుచేసే మనిషిని ఊరికి పంపండి. ఏడాది తర్వాత వచ్చి ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చారని అడగకండి, ఎన్ని మిషన్లు నడుస్తున్నాయని అడగండి.